లేచి నిలబడే రోగం

ఆ విశ్వవిద్యాలయానికి గ్రేడు ఇవ్వడానికి వచ్చిన కమిటీ మూడు రోజులు ఉండి, మూడు పూటలా భోంచేసి, శాలువాలు కప్పించుకుని, నివేదికలో ఒక వాక్యం రాసి వెళ్ళిపోయింది. “విద్యార్థులలో పాఠశాల వాసన ఇంకా పోలేదు.”

ఆ రాసినాయన దేన్ని చూసి అలా రాశాడో ఎవరికీ తెలియదు. దేన్ని చూసి రాస్తేనేం, గ్రేడు మాత్రం ఒక మెట్టు దిగింది. వైస్ చాన్సలర్ గారు ఆ వాక్యాన్ని నాలుగుసార్లు చదువుకుని, వాసన పోగొట్టమని ఆజ్ఞాపించారు. విశ్వవిద్యాలయంలో ఏదైనా పోవాలంటే ముందు దానికో విభాగం రావాలి. కాబట్టి పరిపాలనా భవనం రెండో అంతస్తులో ‘పాఠశాలత్వ విముక్తి విభాగం’ అని ఒక బోర్డు వెలసింది. దానికి డైరెక్టరుగా డాక్టర్ విశ్వంభర్ గారిని వేశారు. అంతకుముందు ఆయన ప్లాస్టిక్ నిర్మూలన విభాగానికి డైరెక్టరు. ఆ విభాగం సాధించిన విజయాలను ప్లాస్టిక్ ఫోల్డర్లలో పెట్టి ప్రతి శాఖకూ పంచిన మనిషి.

సరిగ్గా ఆ సంవత్సరమే బాలమణి అక్కడ చేరింది. వృక్షశాస్త్రంలో ఐదేళ్ళ కోర్సు. వాళ్ళ ఊరి బడిలో ఏడో తరగతి దాకా, మండలంలోని మోడల్ స్కూల్లో ఇంటర్ దాకా చదివింది. మాట తక్కువ, చూపు ఎక్కువ. చింతచెట్టు ఆకులు పొద్దుగూకే వేళకు ముడుచుకోవడం చిన్నప్పటినుంచీ చూస్తూ, అది ఎందుకో ఎవరినడిగితే తెలుస్తుందా అని పద్దెనిమిదేళ్ళు వచ్చేదాకా ఓపిక పట్టిన పిల్ల. ఆ జవాబు చెప్పగలవాళ్ళు యూనివర్సిటీలో ఉంటారని మోడల్ స్కూలు టీచరమ్మ చెబితే, ఇంట్లో పెదనాయన వద్దన్నా వినకుండా తండ్రిని ఒప్పించుకుని వచ్చింది.

వచ్చిన మొదటి రోజే చిక్కొచ్చి పడింది.

పరాంకుశం సార్ క్లాసులోకి అడుగుపెట్టారు. పన్నెండేళ్ళుగా కాళ్ళకు పట్టిన అలవాటు. బాలమణి లేచి నిలబడింది. నిలబడ్డాక చుట్టూ చూస్తే క్లాసు మొత్తం కూర్చునే ఉంది. వెనక వరసలో రిజిస్టరు పట్టుకుని కూర్చున్న విశ్వంభర్ గారు మాత్రం ఆమెతో పాటు లేచారు. గౌరవంతో కాదు, పేరు రాసుకోవడానికి.

సాయంత్రం హాస్టలు గదికి మెమో వచ్చింది.

“ఏందే అది?” అంది తబస్సుమ్. బాలమణి రూమ్మేటు, క్లాస్‌మేటు కూడా. బోధన్ పిల్ల. నోరు ఆగదు.

బాలమణి కాగితం ఆమెకిచ్చింది. తబస్సుమ్ మంచం మీద నిలబడి, విశ్వంభర్ గారి గొంతు పెట్టి చదివింది. “అధ్యాపకుని ఆగమన సందర్భమున లేచి నిలుచుట అను పాఠశాల లక్షణము మీయందు గమనింపబడినది. విశ్వవిద్యాలయ విద్యార్థి స్వతంత్రుడు. కావున స్వతంత్రముగా కూర్చుండవలెనని ఆదేశించడమైనది. ఈ మెమోపై మీ తండ్రిగారి సంతకమును, మీ పూర్వ పాఠశాల ప్రధానోపాధ్యాయుని ధ్రువీకరణను జతపరచి మూడు దినములలో సమర్పించవలెను.”

చదివి మంచం మీద కూలబడింది. “యా అల్లా! స్వతంత్రంగ ఉండాల్నంటే నాయిన సంతకం గావాల్నా?”

కింద చిన్న అక్షరాలలో ఇంకొకటి ఉంది. మూడు మెమోలు వచ్చిన విద్యార్థిని ‘మూలస్థానానికి’ పంపుతారు. అంటే ఏ బడిలోంచి వచ్చారో ఆ బడిలోనే ఆరు నెలలు కూర్చోవాలి. పాఠశాల అంటే విసుగు పుట్టాక తిరిగి రావచ్చు.

బాలమణి తండ్రి కిష్టయ్య ఇళ్ళు కట్టే సుతారి మేస్త్రి. ఆ మాట ఫోన్లో విని మళ్ళీ మళ్ళీ అడిగాడు.

“సార్ వస్తే లేసినందుకా బిడ్డా?”

“ఔ నాయినా.”

“లేవకపోతెనా, లేసినందుకా? మంచిగ సదివినవా ఆ కాయితం?”

“లేసినందుకే.”

“నాకు సమజైతలేదు గని, సంతకం బెట్టి పంపుత. ఇగో, ఒక్క ముచ్చట యాదిపెట్టుకో. నువ్వు ఆర్నెల్లకని ఇంటికొచ్చినవనుకో, మీ పెదనాయిన మళ్ళ పోనియ్యడు. నీ సంగతి అట్లుంచు, చెల్లెను సుత పదో తరగతి కాన్నే ఆపుతడు. గా లేసుడేందో మానెయ్యి. కాళ్ళు కట్టేసుకొనన్న కూసో.”

ఆ రోజునుంచి బాలమణి రెండు చేతులూ మోకాళ్ళ మీద గట్టిగా అదిమి కూర్చోవడం మొదలుపెట్టింది. పరాంకుశం సార్ లోపలికి వచ్చినప్పుడల్లా మోకాళ్ళు ఒకసారి ఎగిరిపడేవి. చేతులు వాటిని కిందికి తొక్కేవి.

విభాగం మాత్రం లేవడం దగ్గర ఆగలేదు. పాఠశాల లక్షణాల జాబితా మొదట ఏడుతో మొదలై దసరా సెలవుల నాటికి ముప్పై ఒకటికి చేరింది. పుస్తకాలకు అట్టలు వేయడం, నోటుబుక్కులో ఎర్ర మార్జిను గీయడం, ముందు బెంచీలో కూర్చోవడం, చేయెత్తడం, వేళకు రావడం అన్నీ లక్షణాలే. అధ్యాపకుడి బల్ల, కుర్చీ, వాటి కింది అరుగు కూడా పాఠశాల వాసనే అని తేల్చి, ఒక ఆదివారం లారీలో ఎక్కించి తీసుకుపోయారు. సార్లు, మేడమ్‌లు నిలబడి పాఠం చెప్పాలి. గంట కూడా తీసేశారు. గంట లేకపోతే ఎప్పుడు ఏ క్లాసో తెలియక గందరగోళం కావడంతో అటెండరు సత్తెన్న గంటకోసారి ప్రతి గది తలుపు మీదా స్కేలుతో కొట్టుకుంటూ వెళ్ళేవాడు. కొట్టినట్టు వినబడకూడదని ఆయనకు వేరే ఉత్తర్వు ఉంది.

తర్వాత ‘సార్’ అనే మాట వచ్చింది. అది బానిస భావన అన్నారు. మరి ఏమని పిలవాలి? పేరు పెట్టి పిలవమన్నారు. తాతవయసు మనిషిని ‘పరాంకుశం’ అని పిలవడానికి ఎవరికీ నోరు రాలేదు. ‘సార్’ అంటే మెమో. ఆఖరుకు తబస్సుమ్ తెగించి, “ఏమండీ” అంది.

క్లాసంతా గొల్లుమంది. ఆ పిలుపు ముప్పై ఏళ్ళుగా ఇంట్లో మాత్రమే విన్న పరాంకుశం సార్ చేతిలోని సుద్దముక్క జారవిడిచి, వెనక్కి తిరిగి తలుపు వైపు చూశారు.

“నిన్నే పిలిచిన… అంటే, మిమ్మల్నే. ఏమండీ, గీ బొమ్మ అర్థమైతలేదు.”

“అర్థం కాకపోతే…” అని మొదలుపెట్టి, సార్ ఆగిపోయారు. ఆయనకు కూడా ఉత్తర్వులున్నాయి. ప్రశ్నకు జవాబు చెప్పడం అంటే గోరుముద్దలు తినిపించడమేనట. ప్రశ్నను విద్యార్థికే తిరిగి ఇచ్చేయాలి. “నువ్వేమనుకుంటున్నావమ్మా?” అన్నారు నీరసంగా.

“నేను అర్థమైతలేదు అనుకుంటున్న.”

“మంచిది. అనుకుంటూ ఉండు.”

బాలమణి ఒకరోజు ధైర్యం చేసి, వరండాలో ఆయన్ని ఆపి చింతాకు సంగతి అడిగింది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. మొహం వెలిగింది. నోరు తెరిచారు. అటూ ఇటూ చూశారు. స్తంభం వెనక రిజిస్టరు అంచు కనబడింది.

“నువ్వేమనుకుంటున్నావమ్మా?” అని గబగబా వెళ్ళిపోయారు.

మళ్ళీ కమిటీ వస్తున్నదన్న కబురు రాగానే పాఠాలు పూర్తిగా ఆగిపోయి రిహార్సళ్ళు మొదలయ్యాయి. విశ్వంభర్ గారు సెమినారు హాలులో అందరినీ కూర్చోబెట్టి ప్రసంగించారు.

“ప్రియ విద్యార్థులారా! స్వేచ్ఛ అనునది ఎవరికి వారు ఇష్టము వచ్చినట్లు చేయునది కాదు. కమిటీ వారి సమక్షమున స్వేచ్ఛ ఏ విధముగా ప్రదర్శింపబడవలెనో సూచించు పట్టిక మీకు ఇవ్వబడుచున్నది. పట్టికను అతిక్రమించి స్వేచ్ఛగా ప్రవర్తించిన వారిపై కఠిన చర్యలు గైకొనబడును.”

పట్టిక చాలా శ్రద్ధగా తయారైంది. రోల్ నంబరు ఒకటి నుంచి ఎనిమిది వరకు క్లాసుకు అయిదు నిమిషాలు ఆలస్యంగా రావాలి. పద్నాలుగో నంబరు మధ్యలో లేచి చెప్పకుండా బయటికి వెళ్ళాలి. ఇరవై రెండో నంబరు కునుకు తీయాలి, గురక నిషిద్ధం. ముప్పయ్యో నంబరు అధ్యాపకుడితో విభేదించాలి. ఏ విషయంలో విభేదించాలో, సార్ ఆ విషయం ఎప్పుడు ఎత్తాలో మూడు ప్రతులలో టైపు చేసి ఉంది. అప్పటికప్పుడు తట్టినట్టు అడగవలసిన ప్రశ్నలు తొమ్మిది. వాటిని డీన్ గారు ఆమోదించి సంతకం చేశారు.

“సార్, నాకు నిజంగనే ఒక ప్రశ్న తట్టింది. అడగొచ్చా?” అన్నాడు ఒకతను.

“డీన్ గారు సెలవులో ఉన్నారు,” అన్నారు విశ్వంభర్ గారు. ‘సార్’ అన్నందుకు అతని పేరు రాసుకున్నారు.

బాలమణిది పదిహేడో నంబరు. ఆమె పన్నెండు నిమిషాలు ఆలస్యంగా, తొందరేమీ లేనట్టు నడుచుకుంటూ రావాలి. మొదటి రిహార్సల్ నాడు ఆలస్యానికి ఆలస్యమైపోతుందేమోనని భయపడి అరగంట ముందే వచ్చేసింది. వచ్చి, తలుపు పక్కన గోడకు ఆనుకుని, తబస్సుమ్ దగ్గర అడిగి తెచ్చుకున్న గడియారం చూసుకుంటూ నిలబడింది.

విశ్వంభర్ గారు మెట్లెక్కి వస్తూ ఆ దృశ్యం చూశారు.

“ఏమిటిది?”

“పన్నెండు నిమిషాలు కాలే… ఇంక నాలుగున్నయి.”

“క్లాసు బయట గోడ పక్కన నిలబడుట. ఇది శుద్ధ పాఠశాల దండన భంగిమ! కమిటీ వారు చూచిన ఏమనుకొందురు? మేము మిమ్ము శిక్షించుచున్నామని గదా?”

రెండో మెమో అక్కడే, ఆ గోడకే కాగితం ఆన్చి రాసి ఇచ్చారు.

ఆ సాయంత్రం బాలమణి అన్నం తినలేదు. తబస్సుమ్ పళ్ళెం తెచ్చి ముందు పెట్టింది.

“తినవే. ఇంకొక్కటే గద మిగిలింది. గా రోజు నిన్ను తాడేసి బెంచీకి కడ్త, లేస్తవా చూస్త.”

“నేను కావాలని లేస్తలేనే. కాళ్ళే లేస్తున్నయి.”

“కాళ్ళకు చెప్పు. చెల్లె పేరు చెప్పు. వింటయి.”

బాలమణి నిజంగానే కాళ్ళకు చెప్పుకుంది. చెల్లెలి పేరు పావని. కమిటీ వచ్చేదాకా క్లాసులో మోకాళ్ళు ఎగిరినప్పుడల్లా పెదవులు కదపకుండా పావని, పావని అని అనుకునేది. నెల తిరిగేసరికి మోకాళ్ళు మాట వినడం నేర్చుకున్నాయి.

కమిటీ వచ్చింది. ఈసారి అధ్యక్షురాలు సౌదామిని గారు. డెబ్బైకి దగ్గరి మనిషి. చేతికర్ర. కుడి మోకాలికి పట్టీ. ఆవిడ వెంట ఇద్దరు సభ్యులు, రాసుకోవడానికి ఒక కార్యదర్శి.

క్లాసు కిటకిటలాడుతోంది. నిండుగా కనబడాలని పక్క శాఖల నుంచి కూడా పిల్లలను తెచ్చి కూర్చోబెట్టారు. ఆలస్యంగా వచ్చేవాళ్ళవి తప్ప ఒక్క కుర్చీ ఖాళీ లేదు. కమిటీ వరండా కిటికీలోంచి చూస్తుండగా, ఆలస్యంగా రావలసినవాళ్ళు సరిగ్గా వేళకు ఆలస్యంగా వచ్చారు. బాలమణి పన్నెండో నిమిషాన నడిచి వచ్చి, తనకోసం వదిలిన రెండో వరస కుర్చీలో కూర్చుంది. ఇరవై రెండో నంబరు కునికాడు. అంతా పట్టిక ప్రకారం నడుస్తోంది. అప్పుడు కమిటీ లోపలికి వచ్చింది.

ఎవరూ లేవలేదు. బాలమణి కూడా లేవలేదు. ద్వారం దగ్గర విశ్వంభర్ గారి మొహంలో తృప్తి కనబడింది.

సౌదామిని గారు కూర్చోవడానికి చుట్టూ చూశారు. అధ్యాపకుడి కుర్చీ లారీలో వెళ్ళిపోయింది. విద్యార్థుల కుర్చీలన్నీ నిండి ఉన్నాయి. ఆవిడ కర్ర మీద బరువు వేసి నిలబడ్డారు. పరాంకుశం సార్ పాఠం కొనసాగించారు.

అయిదు నిమిషాలయింది. ఆవిడ బరువును ఎడమ కాలి మీదికి మార్చుకున్నారు. ఇంకో అయిదు నిమిషాలయింది. గోడకు ఆనుకున్నారు. నుదుటి మీద చెమట పట్టింది.

ద్వారం దగ్గర విశ్వంభర్ గారి పరిస్థితి వర్ణించడం కష్టం. ఎవరినైనా లేవమంటే, పెద్దలు వస్తే పిల్లలను లేపినట్టవుతుంది. అది లక్షణాలలో మొదటిది. లేవమనకపోతే అధ్యక్షురాలు పడిపోయేట్టున్నారు. వేరే కుర్చీ తెప్పిస్తే, పెద్దలకు ప్రత్యేకాసనం ఇరవై ఆరో లక్షణం. ఆయన జేబులోంచి జాబితా తీసి, ముప్పై ఒక్క లక్షణాలనూ కింది నుంచి పైకి చదువుకుంటున్నారు. మధ్యలో పద్నాలుగో నంబరు లేచి, ఎవరికీ చెప్పకుండా, స్వేచ్ఛగా బయటికి నడిచాడు. అతని కుర్చీ ఖాళీ అయిందని సౌదామిని గారు ఒక అడుగు వేశారు. అంతలో పక్క శాఖ కుర్రవాడు తన పట్టిక ప్రకారం వచ్చి అందులో కూర్చున్నాడు.

బాలమణి ఆవిడ మోకాలినే చూస్తోంది. పట్టీ కింద వాపు. పావని, పావని, అనుకుంది. మోకాళ్ళు ఎగరలేదు. అవి నిజంగానే మానేశాయి. ఈసారి లేవాలంటే తనే లేవాలి.

లేచింది.

“మీరు కూసోండి మేడం,” అని, చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, తన కుర్చీలో కూర్చోబెట్టింది.

“బతికించావు తల్లీ,” అన్నారావిడ మోకాలు పట్టుకుని.

ముప్పయ్యో నంబరు విభేదించడం మరిచిపోయాడు. విశ్వంభర్ గారు అప్పటికే పుస్తకంలో మూడో మెమో సగం రాశారు.

మర్నాడు ఆయన గదిలో బాలమణి నిలబడి ఉంది. ట్రంకు పెట్టె రాత్రే సర్దుకుంది.

“లేచితివా?”

“లేసిన.”

“ఎందులకు లేచితివి?”

“మేడంకు మోకాలు నొస్తుండె.”

“మోకాలు నొప్పి అను గడి ఈ ఫారమునందు లేదు. రెండే ఉన్నవి. ఒకటి, పాఠశాల అలవాటుచే లేచుట. రెండు, స్వతంత్ర బుద్ధిచే లేచుట. మొదటి దానికి టిక్కు పెట్టి, మూలస్థానమునకు…”

తలుపు తోసుకుని వైస్ చాన్సలర్ గారి పి.ఏ. పరుగున వచ్చి ఒక కాగితం బల్ల మీద పెట్టాడు. కమిటీ ముసాయిదా నివేదిక. విశ్వంభర్ గారు చదివారు. మళ్ళీ చదివారు. “ఎవరి ఆదేశమూ లేకుండ ఇతరుల అవసరము గమనించి తమ ఆసనమును త్యజించు సంస్కారము ఇక్కడి విద్యార్థులయందు కనబడినది. ఇట్టి ఉత్తమ విధానము మరే విశ్వవిద్యాలయమునందును మేము చూడలేదు.” గ్రేడు రెండు మెట్లు ఎక్కింది.

ఆయన కలం గాలిలోనే ఆగిపోయింది. ఆ పిల్ల లేచింది పాఠశాల అలవాటుతో అని రాస్తే, కమిటీ మెచ్చిన విధానం పాఠశాల వాసన అవుతుంది, వచ్చిన గ్రేడు పోతుంది. చాలాసేపు ఆలోచించి, సగం రాసిన మెమోను నాలుగు మడతలు పెట్టి సొరుగులో వేశారు. కొత్త కాగితం తీశారు.

“కుమారి బాలమణి పాఠశాలత్వమునుండి సంపూర్ణముగా విముక్తి పొందినదని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది.” విశ్వవిద్యాలయంలో అటువంటి సర్టిఫికెట్టు అందుకున్న మొదటి విద్యార్థిని ఆమే. ట్రంకు విప్పుతుంటే తబస్సుమ్ ఆ కాగితాన్ని గోడమీద మేకు కొట్టి తగిలించింది. కిష్టయ్యకు ఫోన్ చేస్తే, “లేస్తే తప్పన్నరు, మళ్ళ లేస్తే కాయితమిచ్చిన్రా? సరే బిడ్డా, ఆళ్ళేం జెప్తే అది జెయ్యి,” అన్నాడు.

ఉత్తమ విధానం అని ఒకసారి నివేదికలో పడ్డాక దాన్ని అమలు చేయకుండా ఉండలేరు. విభాగం బోర్డుకు ‘ఆసన త్యాగ’ అనే మాట చేరింది. ఇకమీదట ప్రతి విద్యార్థీ ప్రతి క్లాసులోనూ, ఎవరూ చెప్పకుండా, సత్తెన్న స్కేలు చప్పుడు కాగానే తన ఆసనాన్ని త్యజించి పక్కన నిలబడాలి. త్యజించిన ఆసనంలో మళ్ళీ కూర్చుంటే మెమో, ఎవరైనా లేచి తమది ఇస్తేనే కూర్చోవాలి. అందరూ ఇచ్చేవాళ్ళే అయితే పుచ్చుకునేదెవరన్న ధర్మసందేహం మొదటి వారమే వచ్చింది. సర్టిఫికెట్టు పొందినవారు కూర్చోవాలని డీన్ గారు తీర్పు ఇచ్చారు. వారు లేచారంటే ఇంకా నేర్చుకోవలసింది ఉందని ఒప్పుకున్నట్టే కనుక, సర్టిఫికెట్టు రద్దయి పాత మెమోలు, సొరుగులో ఉన్నవి కూడా, తిరిగి లెక్కలోకి వస్తాయి. కాళ్ళ నొప్పులున్నవాళ్ళు పదిహేను రోజుల ముందు దరఖాస్తు చేసుకోవచ్చు.

రిహార్సళ్ళు అయిపోయాయి కాబట్టి పరాంకుశం సార్ నిజంగా పాఠం మొదలుపెట్టారు. ఆకులు వెలుగును బట్టి ఎలా కదులుతాయో, కాడ మొదట్లో నీళ్ళు అటూ ఇటూ ఎలా మారుతాయో బోర్డు నిండా బొమ్మలు వేసి చెబుతున్నారు. ఇన్నాళ్ళ తరువాత బాలమణికి కావలసిన పాఠం. క్లాసులో నలభై తొమ్మిది మంది కుర్చీల పక్కన నిలబడి ఉన్నారు. ఆమె ఒక్కతే కూర్చుని రాసుకుంటోంది. వరండాలో పోయేవాళ్ళు ఎవరైనా చూస్తే, ఒక్క పిల్ల తప్ప క్లాసంతా హోంవర్కు చేయలేదనుకునేవారు.

పక్కనే తబస్సుమ్ నిలబడి ఉంది. ముందురోజు హాస్టలు మెట్ల మీద జారి మడమ వాచింది. ఒంటికాలి మీద నిలబడి, కుర్చీ వీపు పట్టుకుంది.

“బాలమణీ,” అంది మెల్లగా. ఆ గొంతులో ఎప్పటి వెక్కిరింత లేదు. “కాలు మస్తు గుంజుతున్నదే. పడిపోయేటట్టున్న. జర నీ కుర్చీల కూసోనీ, రెండు నిమిషాలు.”

బాలమణి కలం ఆగింది. తలెత్తి స్నేహితురాలి మడమ చూసింది. ద్వారం వైపు చూసింది. రిజిస్టరు తెరిచి విశ్వంభర్ గారు ఆమె కాళ్ళ వైపే చూస్తున్నారు. మోకాళ్ళు కదలలేదు. వాటికి ఆ సంగతి ఎప్పుడో మరుపున పడింది. ఆమె కూడా కదలలేదు.

“ఇంక పది నిమిషాలే,” అని గొణిగి, తల దించుకుని, బోర్డు మీది ఆకు బొమ్మను నోటుబుక్కులోకి ఎక్కించుకోసాగింది.

సర్టిఫికెట్టులో విశ్వంభర్ గారు రాసినదాంట్లో అబద్ధమేమీ లేదు. కాకపోతే నెల రోజులు ముందుగా రాశారు.